బిగ్ వాల్ ఆరోహణ: జాగ్రత్త, తెగింపు

ఒక్క పగటిలో మామూలుగా ఎక్కి ముగించలేనంత ఎత్తైన నిట్టనిలువు రాతి గోడలను తాళ్లు, మేకులు, కొక్కేల సాయంతో రోజుల తరబడి ఎక్కే క్రీడ బిగ్ వాల్ క్లైంబింగ్. ఆరోహకులు తిండి, నీళ్లు, పడక అన్నీ పెద్ద సంచుల్లో నింపి తమ వెనకే పైకి లాక్కుంటూ పోతారు. రాత్రి అయితే పోర్టాలెడ్జ్ అనే మడత మంచాన్ని గోడకు వేలాడదీసి, నడుముకు తాడు కట్టుకునే నిద్రపోతారు. పాకిస్తాన్‌లోని ట్రాంగో శిఖరాల్లోనూ కెనడాలోని బాఫిన్ దీవిలోనూ ఇలాంటి గోడలున్నాయి. అయితే ఈ క్రీడకు ఇవాళ్టి పద్ధతులు చాలావరకు ఏర్పడింది అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రపు యోసెమిటీ లోయలో. అక్కడి ఎల్ కాపిటాన్ అనే గ్రానైట్ గోడ లోయ అడుగు నుంచి సుమారు 3,000 అడుగులు, అంటే 900 మీటర్ల పైచిలుకు లేస్తుంది. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ గోడ చుట్టూ, ఆ లోయ చుట్టూ తిరుగుతుంది. ప్రమాదాలను దాచకుండా రాసిపెట్టుకోవడం అక్కడివారికి అలవాటు కావడమే అందుకు కారణం.

అమెరికన్ ఆల్పైన్ క్లబ్ 1948 నుంచి ఏటా ప్రమాదాల నివేదిక ప్రచురిస్తోంది. ఎవరు పడ్డారు, ఎందుకు పడ్డారు, ఏం చేసి ఉంటే పడేవారు కాదు అన్న వివరాలు అందులో ఉంటాయి. చదివేవారిని ఆ నివేదికలు ఒక సంగతి దగ్గరికి మళ్లీ మళ్లీ తీసుకొస్తాయి. గోడ మీద అతి కష్టమైన చోట మనుషులు ఒళ్లంతా కళ్లు చేసుకుని ఉంటారు. ముడి వేయడం, తాడు దిగడం, సంచి లాగడం వంటి రోజూ చేసే పనుల దగ్గరే మనసు పక్కకు పోతుంది. ఈ క్రీడలో భద్రత గురించి ఏం చెప్పాలన్నా అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

తొలి తరం పద్ధతులు

ఎల్ కాపిటాన్ మీద తొలి దారి ‘నోస్’. రెండు రాతి ముఖాలు కలిసే చోట ముక్కులా పొడుచుకొచ్చిన అంచు అది. వారెన్ హార్డింగ్ 1957 జూలైలో ఆ పని మొదలుపెట్టాడు. వేన్ మెర్రీ, జార్జ్ విట్‌మోర్‌లతో కలిసి 1958 నవంబరు 12న శిఖరం చేరాడు. పదహారు నెలల వ్యవధిలో ఒక్కొక్క విడతగా గోడ మీద గడిపిన రోజులు దాదాపు 45. ఎక్కినంత మేరా తాళ్లు బిగించి వదిలేసేవారు. సరుకులు అయిపోతే, వాన వస్తే, అలసిపోతే ఆ తాళ్ల మీదుగా నేలకు దిగి మళ్లీ వెళ్లేవారు. ఆఖరి రాత్రి మాత్రం హార్డింగ్ దిగలేదు. తలదీపం వెలుగులో చేత్తో రంధ్రాలు తొలుస్తూ 28 బోల్టులు దిగ్గొట్టి తెల్లవారేసరికి పైకి చేరాడు.

రెండేళ్లకు, 1960లో, రాయల్ రాబిన్స్, జో ఫిట్షెన్, చక్ ప్రాట్, టామ్ ఫ్రాస్ట్ అదే దారిని ఏకబిగిన ఏడు రోజుల్లో ముగించారు. కింద నుంచి పైదాకా బిగించిన తాళ్లు లేవు. నేలతో సంబంధం తెంచుకుని వెళ్లారు. ఈ రెండు ఆరోహణల మధ్య తేడా శైలికి మాత్రమే సంబంధించింది కాదు. నేలదాకా వేలాడే తాడు ఉన్నంతకాలం పొరపాటుకు విరుగుడు ఉంటుంది, అది పోతే విరుగుడంతా మనిషి నేర్పులోనే ఉండాలి. రాబిన్స్ బృందం తాడు వదులుకున్నది తమ పద్ధతులను పదును పెట్టుకున్నాకే. 1964లో రాబిన్స్, ఫ్రాస్ట్, ప్రాట్, ఇవాన్ షూయినార్డ్ ఎక్కిన నార్త్ అమెరికా వాల్‌లో అడ్డంగా సాగే భాగాలు చాలా ఎక్కువ. అలాంటి దారిలో సగం దూరం వెళ్లాక వెనక్కి దిగడం కన్నా పైకి పోవడమే సులువు. ముందే ఆ లెక్క వేసుకుని, సరిపడా నీళ్లు, తిండి మోసుకుని వెళ్లడం అప్పటి నుంచి ఈ విద్యలో భాగమైంది.

ఆ రోజుల్లో మధ్య గోడలో చిక్కుకున్నవాణ్ణి తీసుకురాగలవారు ఎవరంటే, సాటి ఆరోహకులే. 1968 నవంబరులో హార్డింగ్, గాలెన్ రోవెల్ ఇద్దరూ యోసెమిటీలోనే ఉన్న హాఫ్ డోమ్ దక్షిణ ముఖం మీద మంచు వానలో ఇరుక్కుపోయారు. హార్డింగ్ స్వయంగా కుట్టించిన వేలాడే గుడారాలు నీటిని బయటికి పోనివ్వలేదు, లోపలే నిలవబెట్టాయి. తడిసి, గడ్డకట్టి, కదల్లేని స్థితికి వచ్చారు. హెలికాప్టరులో శిఖరం మీద దిగి, అక్కడి నుంచి రాత్రివేళ తాడు మీద వారి దగ్గరికి దిగివచ్చినవాడు రాబిన్స్. పద్ధతుల విషయంలో హార్డింగ్‌కూ రాబిన్స్‌కూ ఎన్నడూ పడేది కాదు. అయినా రావాల్సినప్పుడు వచ్చాడు.

1970లో కథ తిరగబడింది. హార్డింగ్, డీన్ కాల్డ్‌వెల్ ఎల్ కాపిటాన్ తూర్పు భాగంలోని ‘వాల్ ఆఫ్ ది ఎర్లీ మార్నింగ్ లైట్’ మీద 27 రోజులు ఉన్నారు. తుఫాను పట్టింది, తిండి తరిగిపోయింది. పార్కు అధికారులు రక్షణ ఏర్పాట్లు మొదలుపెట్టారు. పైనున్న ఇద్దరూ మాకు అక్కర్లేదని గట్టిగా తిప్పికొట్టి, నవంబరు 18న సొంత కాళ్ల మీద శిఖరం చేరారు. తమ పరిస్థితి తమకు తెలుసని వారు నమ్మారు, ఆ నమ్మకం నిజమైంది. ఆ పట్టుదల గొప్పదే. కానీ దాన్ని ఆదర్శంగా తీసుకోవడం ప్రమాదం. తడి, చలి కలిసినప్పుడు మనిషి మొదట పోగొట్టుకునేది తన స్థితిని తాను అంచనా వేసుకునే శక్తినే. బాగున్నామని చెప్పేవారు నిజంగా బాగున్నారో లేదో కింద ఉన్నవారికి తెలిసే దారి లేదు.

తాడు, పడటం, లెక్క

గోడ ఎక్కడంలో పడటం వింత కాదు. ముందు నడిచేవాణ్ణి లీడర్ అంటారు. అతను పైకి పోతూ పగుళ్లలో క్యాములు, మేకులు బిగించి, వాటిలోంచి తాడు పోనిస్తాడు. కింద ఉన్న జోడీ తాడు పట్టే పని చేస్తాడు, దాన్నే బిలే అంటారు. లీడర్ జారితే తాను చివరగా బిగించిన మేకు దాటి ఎంత పైకి వెళ్లాడో దానికి రెండింతల దూరం పడతాడు. క్లైంబింగ్ తాడు సాగే గుణంతో తయారవుతుంది కాబట్టి ఆ దెబ్బను తాను మింగి, మనిషిని మెల్లగా ఆపుతుంది.

ఇక్కడ కొత్తవారు పొరబడే చోటు ఒకటుంది. దెబ్బ బలం పడిన దూరం ఒక్కదాని మీదే ఆధారపడదు, ఎంత తాడు సాగడానికి సిద్ధంగా ఉందన్నదే అసలు లెక్క. వంద అడుగుల తాడు బయట ఉండగా 20 అడుగులు పడితే, పడిన దూరానికీ తాడు పొడవుకూ నిష్పత్తి 0.2. అది సాఫీగా ఆగుతుంది. అదే యాంకర్ (జోడీ ఉన్న చోట తాడును గోడకు కట్టేసిన బిగింపు) నుంచి పది అడుగులు పైకి వెళ్లి, మధ్యలో ఒక్క మేకు కూడా బిగించకుండా జారితే పడేది 20 అడుగులే అయినా సాగాల్సిన తాడు పది అడుగులే. నిష్పత్తి 2. ఇంతకు మించిన దెబ్బ ఉండదు, అది నేరుగా యాంకర్ మీద, తాడు పట్టినవాడి మీద పడుతుంది. అనుభవజ్ఞులు యాంకర్ వదిలిన మరుక్షణం, ఎంత సులువైన చోటైనా సరే, ఒక గట్టి మేకు బిగించి కానీ ముందుకు పోరు. బయటి నుంచి చూస్తే చాదస్తంలా కనిపించే అలవాటు అది.

చేతులు, కాళ్లతో ఎక్కలేని చోట మేకులకు నాడా మెట్లు తగిలించి, వాటి మీద నిలబడుతూ పోవడం ఎయిడ్ క్లైంబింగ్. దాని ప్రమాదాన్ని ఎ0 నుంచి ఎ5 వరకు గ్రేడులుగా చెబుతారు. ఎ1లో ప్రతి మేకూ పడే మనిషిని ఆపగలదు. ఎ5లో బిగించినవేవీ మనిషి బరువు మోయడానికి మించి పనికిరావు. రాగి దిమ్మను రాతి గాడిలో సుత్తితో అదిమిన తునక, రవ్వంత అంచు మీద నిలిపిన ఉక్కు కొక్కెం, అంతే. ఒకటి ఊడితే వరుసగా అన్నీ ఊడిపోతూ లీడర్ పిచ్ (ఒక యాంకర్ నుంచి తర్వాతి యాంకర్ దాకా ఉండే భాగం) మొదలు దాకా వచ్చేస్తాడు. 1978లో జిమ్ బ్రిడ్‌వెల్, డేల్ బార్డ్, డేవ్ డీగెల్‌మన్ ఎక్కిన ‘సీ ఆఫ్ డ్రీమ్స్’ అలాంటి పేరు తెచ్చుకున్న దారి. ఇలాంటి పిచ్‌లలో జాగ్రత్త అంటే నిదానం. ప్రతి కొక్కెం మీద ముందు కొంచెం, తర్వాత ఇంకొంచెం బరువు వేసి పరీక్షిస్తారు. ఒక్క పిచ్‌కు పూట గడిచిపోతుంది. తెగింపు పేరుతో బయటికి వినిపించే ఈ కథల లోపల ఇంత ఓపిక ఉంటుంది.

యాంకర్ల సంగతి వేరే చెప్పాలి. తొలి తరం వాళ్లు కొట్టిన పావు అంగుళం బోల్టులు దశాబ్దాల తర్వాత తుప్పు పట్టి, వేళ్లతో లాగితే ఊడే స్థితికి వచ్చాయి. వాటినే నమ్మి జనం వేలాడుతూ ఉండేవారు. 1998లో క్రిస్ మెక్‌నమారా స్థాపించిన అమెరికన్ సేఫ్ క్లైంబింగ్ అసోసియేషన్ వాటిని ఒక్కొక్కటిగా పీకి, మందపాటి కొత్త బోల్టులు బిగించే పని నెత్తిన వేసుకుంది. శిఖరం చేరినవారి పేర్లు పుస్తకాలకెక్కుతాయి. పాత రంధ్రంలో కొత్త బోల్టు బిగించి దిగినవారిని ఎవరూ గుర్తుంచుకోరు. యోసెమిటీలో ప్రాణాలు కాపాడిన పనుల్లో మాత్రం దానిది ముందు వరుస.

ప్రాణం తీసిన మామూలు పనులు

యోసెమిటీ సహాయ దళంలో దశాబ్దాలు పనిచేసిన రేంజర్ జాన్ డిల్, అక్కడి ప్రమాదాలను పరిశీలించి ఒక వ్యాసం రాశాడు. ఆరోహకుల గైడ్ పుస్తకాల్లో అది చోటు సంపాదించుకుంది. 1970 నుంచి 1990 వరకు ఆ లోయలో 51 మంది ఆరోహకులు గాయాలతో చనిపోయారని, వాటిలో కనీసం నూటికి 80 మరణాలు తేలిగ్గా తప్పించదగినవేనని అతని అంచనా. కారణాలను మూడుగా తేల్చాడు: తెలియకపోవడం, తేలిగ్గా తీసుకోవడం, ధ్యాస తప్పడం. చనిపోయినవారిలో ఎక్కువమంది కొత్తవాళ్లు కూడా కాదు, ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు. ఈ మూడింటిలో మొదటిది చదువుతో పోతుంది. మిగతా రెండూ అనుభవంతో పాటు పెరుగుతాయి, చిక్కంతా అక్కడే.

ధ్యాస తప్పడానికి అందరూ చెప్పుకునే ఉదాహరణ లిన్ హిల్‌ది. 1993లో నోస్ దారిని పరికరాల మీద బరువు వేయకుండా చేతులు, కాళ్లతోనే మొదటిసారి ఎక్కి, మరుసటి ఏడాది అదే పనిని ఒక్క రోజులో చేసి చూపిన మేటి ఆమె. 1989లో ఫ్రాన్స్‌లోని బ్యూలో ఒక దారి ఎక్కబోతూ నడుముకు ముడి వేయడం మొదలుపెట్టి, మధ్యలో మరో పని మీదికి పోయి, దాన్ని పూర్తి చేయలేదు. పైకి చేరి, దిగడానికి తాడు మీద వాలగానే ముడి జారిపోయింది. 70 అడుగులకు పైగా పడి, చెట్టు కొమ్మలు అడ్డం రావడంతో బతికింది. ముడి మొదలుపెట్టినవాడు అది పూర్తయ్యేదాకా ఇంకో పని ముట్టకూడదని, ఎక్కబోయే ముందు జోడీలు ఒకరి ముడిని ఒకరు చేత్తో తాకి చూడాలని ఇవాళ ప్రతి శిక్షణలోనూ చెబుతారు. తాకి చూడటం ముఖ్యం. కంటితో చూసినప్పుడు ఉంటుందనుకున్నదే కనిపిస్తుంది.

టాడ్ స్కిన్నర్ సంగతి తేలిగ్గా తీసుకోవడానికి చెందినది. అమెరికాలో పెద్ద గోడలను చేతులు, కాళ్లతోనే ఎక్కిన తరానికి అతను ముందు నిలిచినవాడు. 2006 అక్టోబరు 23న యోసెమిటీలోని లీనింగ్ టవర్ నుంచి తాడు మీద దిగుతుండగా అతని హార్నెస్ (నడుముకు, తొడలకు కట్టుకునే పట్టీలు) ముందు భాగంలోని బిలే లూప్ తెగిపోయింది. అది అరిగిపోయి ఉంది. అరిగిందని అతనికి తెలుసు, కొత్తది రావాల్సి ఉంది. ఈ ఒక్కసారికి పనిచేస్తుందిలే అనే మాటను నిన్న, మొన్న గడిచిపోయిన రోజులే మనిషి చేత అనిపిస్తాయి. గడిచిపోయిన ప్రతి రోజూ మరో రోజుకు అనుమతి ఇచ్చినట్టవుతుంది. అరిగిన తాడు కూడా ఇలాంటిదే. స్విట్జర్లాండ్‌లో ఐగర్ ఉత్తర ముఖం మీద 1966 మార్చిలో జాన్ హార్లిన్ ఎక్కుతున్న బిగింపు తాడు రాతి అంచు రాపిడికి తెగి, అతను వేల అడుగులు పడిపోయాడు. రోజుల తరబడి ఒకే చోట రాసుకుంటూ ఉన్న తాడు అది. జుమార్ వంటి పట్టు పరికరాలతో తాడు ఎక్కేవారు, తాడు రాయిని తాకే ప్రతి చోటా గుడ్డో పైపో చుట్టడం, కొంత ఎత్తుకొకసారి నడుముకు మరో ముడి తగిలించుకోవడం ఈ అనుభవాల నుంచి వచ్చిన అలవాట్లే.

అన్నిటికన్నా బాధ కలిగించేది తాడు చివర దాటి జారిపోవడం. రాపెల్లింగ్‌లో మనిషి తాడు పొడవునా దిగుతూ పోతాడు. చివర ముడి ఉంటే పరికరం అక్కడ ఆగుతుంది, లేకపోతే తాడు పరికరంలోంచి జారి మనిషి గాలిలోకి పోతాడు. ముడి వేయడానికి పది సెకన్లు పట్టదు. బ్రాడ్ గోబ్రైట్ 2017 అక్టోబరులో జిమ్ రేనాల్డ్స్‌తో కలిసి నోస్ వేగపు రికార్డును 2 గంటల 19 నిమిషాల 44 సెకన్లకు తెచ్చినవాడు. 2019 నవంబరులో మెక్సికోలోని ఎల్ పొత్రెరో చీకోలో, జోడీతో కలిసి ఒకే తాడు రెండు కొసల మీద ఏకకాలంలో దిగుతూ చనిపోయాడు. కొసలు సమంగా లేవు, చివర ముడులు లేవు. 2025 అక్టోబరు 1న ఎల్ కాపిటాన్ మీద, అంతకుముందు చెప్పిన సీ ఆఫ్ డ్రీమ్స్ దారిలో, ఒంటరిగా ఎక్కుతున్న 23 ఏళ్ల అలాస్కా యువకుడు కూడా అలాగే పోయాడు. ఊడిపోయే మేకుల పిచ్‌లన్నీ దాటేశాడు. కింద చిక్కుకున్న సంచిని విడిపించడానికి దిగుతూ తాడు చివర దాటిపోయాడు.

ఈ ముడి వేయకపోవడానికి సమర్థనలు కూడా ఉన్నాయి. తాడు లాగేటప్పుడు ముడి పగుళ్లలో చిక్కుకుంటుందని, విప్పడం మరిచిపోతే తాడు పైనే ఇరుక్కుపోతుందని చెబుతారు. గాలి బలంగా ఉన్నప్పుడు ఆ మాటలో నిజం లేకపోలేదు. కొసలను కిందికి విసరకుండా నడుముకు తగిలించుకుని దిగితే ఆ ఇబ్బంది తప్పుతుంది. ఇరుక్కున్న తాడు ఒక పూట తినేస్తుంది. దానికీ ప్రాణం పోవడానికీ పోలికే లేదు.

అలసట ఈ పొరపాట్లన్నిటికీ తోడు. నాలుగైదు రోజులు ఎండలో ఎండి, చేతులు పగిలి, మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్ల లెక్కన తెచ్చుకున్న నీళ్లు అడుగంటాక, శిఖరం కనిపించే వేళకు బుర్ర మందగిస్తుంది. మధ్యలో గాలి హోరు. 60 మీటర్ల తాడుకు రెండు కొసల్లో ఉన్నవారికి ఒకరి కేక ఒకరికి వినబడదు. పక్క దారిలో ఉన్నవాడి కేకను తన జోడీ కేక అనుకుని తాడు వదిలేసిన సందర్భాలున్నాయి. కేకకు ముందు జోడీ పేరు చేర్చడం, చిన్న రేడియోలు దగ్గర పెట్టుకోవడం, వినపడకపోతే ఏం చేయాలో నేల మీదే మాట్లాడుకోవడం మంచి జట్ల ఆనవాయితీ.

వాతావరణం, రాళ్లు

కాలిఫోర్నియా ఎండ ఆరోహకుణ్ణి నమ్మిస్తుంది. అక్టోబరులో పగలు చొక్కా విప్పి ఎక్కినవాడికి ఆ రాత్రే మంచు కురవవచ్చు. ఎల్ కాపిటాన్ పై భాగంలో తుఫాను పడితే నీరు పగుళ్ల వెంట ధారలుగా దిగి, ఎక్కే దారినే కాలువ చేస్తుంది. తడిసిన మనిషి గాలిలో గంటల్లో చల్లబడిపోతాడు. 2004 అక్టోబరులో వచ్చిన తుఫానులో ఇద్దరు జపాన్ ఆరోహకులు నోస్ పై భాగంలో చలికి చనిపోయారు. అదే తుఫానులో ఇతర దారుల్లో చిక్కుకున్నవారిని సహాయ దళం బయటికి తెచ్చింది. అలాంటప్పుడు బతికించేవి సాదా వస్తువులు: పోర్టాలెడ్జ్‌కు నీరు చొరని పైకప్పు, తడిసినా వెచ్చదనం నిలిపే దుస్తులు, ఉన్న చోటే ఆగిపోయే విజ్ఞత. బరువు తగ్గించుకోవాలని పైకప్పు నేల మీద వదిలి వెళ్లడం ఈ గోడ మీద చేయగల అతి చెడ్డ పొదుపు.

రాయి జారడం మాత్రం ఎవరి చేతిలోనూ లేదు. 2017 సెప్టెంబరు 27న ఎల్ కాపిటాన్ నుంచి పెద్ద రాతి పలక ఊడిపడి, కింద ఉన్న వేల్స్ దేశపు ఆరోహకుడు చనిపోయాడు, అతని భార్య గాయపడింది. మర్నాడు అంతకన్నా పెద్దది పడింది. శిరస్త్రాణం ఆ పలకను ఆపలేదు. కానీ పైవాడి చేతి నుంచి జారే క్యారబినర్‌నూ, గులకరాళ్లనూ, తలకిందులుగా పడ్డప్పుడు గోడకు తగిలే దెబ్బనూ ఆపుతుంది. పాత ఫొటోల్లో తలకు రుమాలు చుట్టుకున్న వీరులే కనిపిస్తారు. ఇవాళ హెల్మెట్ లేకుండా పెద్ద గోడ మీదికి పోయేవాణ్ణి సాటివారే అడుగుతారు.

వేగం

1975లో జిమ్ బ్రిడ్‌వెల్, జాన్ లాంగ్, బిల్లీ వెస్ట్‌బే నోస్‌ను తొలిసారి ఒక్క రోజులో ముగించినప్పటి నుంచి వేగం ఈ గోడకు మరో కొలమానం అయింది. వేగంలో భద్రత కూడా ఉందని చెప్పాలి. గోడ మీద తక్కువ సమయం ఉంటే తుఫానుకు దొరికే అవకాశం తక్కువ, మోసే బరువు తక్కువ, అలసట తక్కువ. కానీ ఆ వేగం ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. ఇద్దరూ ఒకేసారి కదులుతూ పోతారు, మధ్య తాడులో ఒకటి రెండు మేకులే ఉంటాయి. వెనకవాడు జారితే ముందువాణ్ణి లాగేస్తాడు. తాడును ఒకవైపే పోనిచ్చే చిన్న కప్పీ పరికరాన్ని మధ్యలో బిగిస్తే ఆ ప్రమాదం తగ్గుతుంది, పూర్తిగా పోదు.

2017, 2018 సంవత్సరాలు ఈ ఆట ఖరీదు చూపాయి. 2017 అక్టోబరులో క్విన్ బ్రెట్ నోస్ మీద వేగంగా ఎక్కుతూ వంద అడుగులకు పైగా పడి, నడుము కింద చచ్చుబడి చక్రాల కుర్చీకి పరిమితమైంది. తర్వాత తన ప్రమాదం గురించి, తోటివారి తెగింపు గురించి దాపరికం లేకుండా మాట్లాడుతూ వచ్చింది. 2018 మేలో, నోస్‌ను వందకు పైగా సార్లు ఎక్కిన హాన్స్ ఫ్లోరీన్ పడి రెండు కాళ్లకూ దెబ్బలు తగిలించుకున్నాడు. జూన్ 2న టిమ్ క్లైన్, జేసన్ వెల్స్ కలిసి కదులుతూ ఎక్కుతుండగా పడి ఇద్దరూ చనిపోయారు. ఎల్ కాపిటాన్‌ను పదుల సార్లు ఎక్కిన జోడీ అది. నాలుగు రోజులకే, జూన్ 6న, అలెక్స్ హోనాల్డ్, టామీ కాల్డ్‌వెల్ నోస్‌ను 1 గంట 58 నిమిషాల 7 సెకన్లలో ముగించారు. పత్రికలు రెండు గంటల గీటు దాటిన సంబరాన్ని రాశాయి. ఆ వారంలో లోయలో ఉన్నవారికి రెండు సంగతులూ కలిపే గుర్తుంటాయి.

క్లైన్, వెల్స్ పడిన చోటు ఫ్రీబ్లాస్ట్. ఎల్ కాపిటాన్ మీదే సలాథే అనే మరో దారికి మొదటి పది పిచ్‌ల భాగం అది. పైనున్న కష్టాలతో పోలిస్తే సులువు కనుక గట్టి ఆరోహకులు దాన్ని తొందరగా దాటేస్తారు. 2019 నవంబరులో ఎమిలీ హారింగ్టన్ చీకటి ఉండగానే ఆ భాగం మొదలుపెట్టి, మేకుల మధ్య ఎడం ఎక్కువ వదిలి, పడి గాయాలతో ఆసుపత్రికి చేరింది. మరుసటి ఏడాది తిరిగి వచ్చి గోల్డెన్ గేట్ దారిని ఒక్క రోజులో ముగించింది. ఒక గోడలో ప్రమాదం ఎక్కడుందో చెప్పమంటే చాలామంది పైనున్న భయంకర పిచ్‌లను చూపిస్తారు. ప్రమాదాల చరిత్ర మాత్రం ఫ్రీబ్లాస్ట్ లాంటి చోట్లను కూడా చూపిస్తుంది.

తాడు లేకుండా

2017 జూన్ 3న అలెక్స్ హోనాల్డ్ ఎల్ కాపిటాన్‌లోని ఫ్రీరైడర్ దారిని తాడు లేకుండా, ఒంటరిగా 3 గంటల 56 నిమిషాల్లో ఎక్కాడు. అంతకుముందు శాస్త్రవేత్తలు అతని మెదడును స్కాన్ చేశారు. భయానికి స్పందించాల్సిన అమిగ్డలా అనే భాగం, మామూలు మనుషులను కలవరపెట్టే బొమ్మలు చూపినా అతనిలో దాదాపు స్పందించలేదు. ఈ సంగతికి చాలా ప్రచారం వచ్చింది. అతను బతికి ఉండటానికి దాన్నే కారణంగా చెప్పడం తొందరపాటు. ఏడాదికి పైగా అతను ఆ దారిని తాళ్లతో మళ్లీ మళ్లీ ఎక్కాడు, కష్టమైన చోట్ల ప్రతి వేలి స్థానం, ప్రతి కాలి మోపు రాసుకుని కంఠతా పట్టాడు, వదులు రాళ్లు తొలగించాడు. 2016 శరత్తులో ఒకసారి తాడు లేకుండా మొదలుపెట్టి, ఫ్రీబ్లాస్ట్ నున్నటి రాతి దగ్గర కాలు మీద నమ్మకం కుదరక ఆపేశాడు. అక్కడ కెమెరాలున్నాయి, సినిమా తీస్తున్నవారున్నారు, అయినా ఆపేశాడు. ఆ ఆరోహణ మొత్తంలో భద్రత గురించి నేర్చుకోదగినది ఏదైనా ఉంటే అది ఆ రోజు వెనక్కి రావడమే. మిగతాది ఎవరూ అనుకరించదగినది కాదు. తాడు లేని ఆటలో నైపుణ్యం ఉన్నవారు కూడా పోయారు. 1993లో యోసెమిటీ సెంటినెల్ గోడ మీద డెరెక్ హెర్సీ అలాగే మరణించాడు.

సహాయ దళం, నియమాలు

యోసెమిటీ సహాయ దళంలో పార్కు రేంజర్లతో పాటు క్యాంప్ 4 అనే విడిది స్థలంలో మకాం ఉండే ఆరోహకులు కూడా పనిచేస్తారు. గోడ మధ్యలో గాయపడినవాడి దగ్గరికి రెండు దారులున్నాయి. శిఖరం నుంచి పొడవాటి తాళ్ల మీద రక్షకుణ్ణి దింపడం మొదటిది, హెలికాప్టరు కింద తాడుకు వేలాడుతూ రక్షకుణ్ణి గోడ దగ్గరికి చేర్చడం రెండోది. రెండోది వేగం. కానీ గాలి, మేఘం, చీకటి ఉంటే అది జరగదు. తుఫానులో చిక్కినవారికి సాయం అందేది తుఫాను తగ్గాకే అన్నది అందుకే చాలాసార్లు నిజమవుతుంది. రక్షకుల ప్రాణాలు కూడా ఆ లెక్కలో ఉన్నాయి. సెల్‌ఫోన్ జేబులో ఉందన్న ధైర్యంతో, తమ శక్తికి మించిన దారి ఎంచుకునేవారు ఆ లెక్క వేసుకోరు.

2021 నుంచి యోసెమిటీ గోడల మీద రాత్రి బస చేసేవారు ముందుగా ఉచిత అనుమతి పత్రం తీసుకోవాలి. ఎవరు ఏ దారిలో ఎన్ని రోజులు ఉంటారో నమోదవుతుంది. తమ మలంతో సహా చెత్త అంతా మూసిన డబ్బాల్లో కిందికి తెచ్చుకోవాలి. ఏ పరికరాలు వాడాలి, ఎంత అనుభవం ఉండాలి అనే షరతులు మాత్రం ఈ అనుమతిలో లేవు. ఆ బాధ్యతను ఆరోహకులకే వదిలారు. ఈ క్రీడ స్వభావాన్ని బట్టి అదే సరైన పద్ధతి. పరికరాలు బాగుపడ్డాయి, వాతావరణ సూచనలు చేతిలోకి వచ్చాయి, పాత బోల్టుల స్థానంలో కొత్తవి వచ్చాయి. ముడి వేయాల్సిన చేయి మాత్రం ఏ కార్యాలయం తనిఖీ చేయలేని చోట ఉంది.

యోసెమిటీ లాంటి గోడలు తెలుగు నేల మీద లేకపోయినా, రాతి ఎక్కుడు నేర్పే గ్రానైట్ మనకు కొదవ లేదు. ఏకశిల మీద కట్టిన భువనగిరి కోట దగ్గర శిక్షణ మొదలుపెట్టిన మలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అక్కడికో మరో రాతి గుట్ట దగ్గరికో శిక్షణకు వెళ్లే పాఠకులు, పిల్లలను పంపే తల్లిదండ్రులు, మొదటి రోజే శిక్షకుణ్ణి మూడు సంగతులు అడగాలి: హార్నెస్‌లు, తాళ్లు ఎప్పుడు కొన్నవి, ఎక్కే ముందు ఒకరి ముడి ఒకరు తాకి చూసుకుంటారా, దిగే తాడు కొసకు ముడి ఉంటుందా. సూటిగా జవాబు రాకపోతే ఆ రోజుకు తిరిగి వచ్చేయండి.